తిట్లు తిన్న చంద్రుడే రాయబారి అయ్యాడు

తెలుగు మహాభారతంలో ఒక అతుకు ఉంది. అది సరిగ్గా వెన్నెల రాత్రి దగ్గర పడింది. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చుని ఆది, సభా పర్వాలు ముగించిన నన్నయ, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల మీద ఒక పద్యం చెప్పాడు. చుక్కలు మెరుస్తున్నాయి, గాలి కలువల వాసన మోసుకొస్తోంది, వెన్నెల కర్పూరపు పొడిలా దిక్కులంతా నిండింది. నన్నయ మనకు మిగిల్చిన చివరి పద్యం అదే. దాదాపు మూడు వందల ఏళ్లు ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి అక్కడినుంచే ఎత్తుకున్నాడు. ఆయన మొదటి పద్యం శరత్కాలపు ఉదయం. నన్నయ దగ్గర కాసిన వెన్నెల ఎఱ్ఱన దగ్గర తెల్లవారింది.

ఎఱ్ఱనది గుడ్లూరు. కందుకూరు పక్కన, సముద్రానికి దగ్గరి ఊరు. రామాయపట్నం ఓడరేవు ఈ మండలంలోదే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి విడిపోయిన ఈ ప్రాంతం, 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్లీ విడగొట్టినప్పుడు తిరిగి నెల్లూరులో కలిసింది. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఈ కవి, నృసింహపురాణం మూడో ఆశ్వాసంలో వెన్నెలను పొంగిన పాలసముద్రంగా చూపించాడు. ఆ పద్యాలు పదో తరగతి తెలుగు వాచకంలో ‘వెన్నెల’ అనే పేరుతోనే పాఠమయ్యాయి. ఎఱ్ఱనకు ముందు, 13వ శతాబ్దంలో, నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు పూర్తిచేసి పెట్టాడు. కవిత్రయంలో ఇద్దరు ఈ తీరం వాళ్లే.

వెన్నెలను వర్ణించడం ఒక సంగతి, దాన్ని ప్రేమలోకి దించడం ఇంకో సంగతి. తెలుగు ప్రేమ పాటలో చంద్రుడు ఇప్పుడున్నంత మంచివాడుగా మొదలవలేదు. కొన్ని వందల ఏళ్లపాటు ప్రేమలో పడ్డవాళ్లు ఆయన్ను నిలబెట్టి కడిగేశారు. ఆయనతో కష్టం చెప్పుకోవడం, కబురు పంపడం, సాక్ష్యం పెట్టుకోవడం చాలా తర్వాతి మాట. ఆ మార్పు జరిగిన మలుపుల్లో నెల్లూరు తీరం మనుషులు తరచుగా కనిపిస్తారు.

నేరాల చిట్టా

ప్రబంధాల్లో విరహిణికి తప్పనిసరి ఘట్టం ఒకటి ఉంది. దాన్ని చంద్రోపాలంభనం అంటారు, అంటే చంద్రుణ్ణి దెప్పడం. మన్మథుడికీ మలయమారుతానికీ కూడా ఇలాంటి వాయింపులు ఉన్నాయి గాని, గట్టిగా తిట్లు తిన్నది చంద్రుడే. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ తిట్టింది. రామరాజభూషణుడి వసుచరిత్రలో గిరిక తిట్టింది. వాళ్ల వెనక చిన్నా పెద్దా ప్రబంధాల్లోని నాయికలు వరసగా తిట్టారు.

ఆ ఘట్టం నడిచే తీరు దాదాపు ఒక్కటే. రాత్రి, తోట, చెలికత్తెల మధ్య సొమ్మసిల్లిన నాయిక. వాళ్లు తామరాకులు పరుస్తారు, గంధం పూస్తారు, పన్నీరు చల్లుతారు, పచ్చకర్పూరం తెస్తారు. ఏ చలువా పనిచేయదు. ఈలోగా తూర్పున చంద్రుడు లేస్తాడు. ఆమె చిట్టా విప్పుతుంది.

నువ్వు పాలసముద్రంలో పుట్టావు, హాలాహలమూ అక్కడే పుట్టింది, కాబట్టి విషానికి తోడబుట్టినవాడివి. సముద్రం కడుపులో బడబాగ్ని ఉంటుంది, ఆ సెగ నీకు అంటకుండా ఎక్కడికి పోతుంది? గురువైన బృహస్పతి భార్య తారను లేవదీసుకుపోయినవాడివి, ఆడదాని బాధ నీకేం పట్టింది? మామ దక్షుడి శాపంతో క్షయరోగం తెచ్చుకున్నావు, ఒంటి మీద మచ్చ వేసుకున్నావు. రాహువు మింగినా వాడి కడుపులో నిలవకుండా బయటపడి, మళ్లీ మా ప్రాణాల మీదికి వస్తావు. ఇదీ వరస. ఒక్కో నిందకూ వెనక ఒక్కో పురాణ కథ ఉంది. అవి తెలిసిన శ్రోతకు ఏడుపులోనే నవ్వు దొరుకుతుంది. విరహం పేరుతో కవి తన చదువంతా చూపించుకునే చోటు ఇది.

ఆ నేరాల్లో తార కథ ఒక్కటే ఒక కావ్యానికి సరిపోయింది. 18వ శతాబ్దంలో మధుర నాయకుల వైపు శేషము వేంకటపతి తారాశశాంక విజయం రాసి, నిందితుణ్ణే నాయకుణ్ణి చేశాడు.

పదకర్తలకు ఇంత చోటు లేదు. అన్నమయ్య (1408–1503) శృంగార సంకీర్తనల్లోనూ, 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లోనూ నాయిక చెలికత్తెతో నాలుగు మాటలు చెప్పుకుంటుంది, అంతే. ఆ కొద్ది మాటల్లో వెన్నెల వచ్చిందంటే పొద్దు గడుస్తోందని, రావలసినవాడు రాలేదని లెక్క. మిగతాదంతా అభినయానికి వదిలేస్తారు. నర్తకి చంద్రకళా హస్తం పట్టి ఒక్కసారి పైకి చూసి తల తిప్పుకుంటే, ప్రబంధకవి పది పద్యాల్లో చేసిన పని అక్కడ అయిపోతుంది.

వీధిలో గిటారు, తోటలో చెలికత్తెలు

ఇదే చంద్రుడు స్పానిష్ మాట్లాడే దేశాల్లో వేరే ఉద్యోగం చేశాడు. అక్కడి సెరెనాటా ఆచారంలో ప్రియుడు రాత్రిపూట గిటారు పట్టుకొని, తోడుగా పాటగాళ్లను వెంటేసుకొని, పిల్ల ఇంటి కిటికీ కింద నిలబడి పాడతాడు. 1883లో క్యూబాలోని శాంటియాగోలో పెపే సాంచెజ్ కట్టిన పాటతో బొలేరో అనే నెమ్మది ప్రేమ పాట మొదలైందని చెబుతారు. అది మెక్సికో చేరి, రేడియో పట్టుకొని, ఖండమంతా పాకింది. మెక్సికో స్వరకర్త అగుస్తిన్ లారా పేరుతో వాడుకలోకి వచ్చిన 1930ల నాటి బొలేరో ‘నోచె దె రోందా’లో పాడేవాడు చంద్రుణ్ణే ఆపి అడుగుతాడు: నువ్వెక్కడికి పోతున్నావు, ఆమె ఎవరితో ఉంది? గ్వాటెమాలాలో పాకో పెరెజ్ 1944లో కట్టిన ‘లూనా దె షెలాహూ’ అక్కడి కేత్సల్తెనాంగో ఊరి వెన్నెలను తలుచుకుని పోయిన ప్రేమను పాడుకుంటుంది. ఆ దేశంలో అది దాదాపు ఊరందరి పాట.

రెండు చోట్లా చంద్రుడితో మాట్లాడటం ఉంది. తేడా మాట్లాడేవాళ్లలో ఉంది. అక్కడ మగవాడు, వీధిలో, అందరికీ వినబడేలా. ఇక్కడ ఆడది, తోటలో, చెలికత్తెల ముందు. వీధిలో నిలబడ్డవాడికి చంద్రుడు దారి చూపే దీపం, కబురు మోసే మనిషి. ఇంటిని దాటలేని ఆమెకు మాత్రం ఆయన తన రాత్రిని లెక్కపెట్టే కాపలావాడు. అందుకే ఆమె తిట్టింది. తెలుగు పాటలో ఆడా మగా కలిసి ఆరుబయట పాడుకునే రోజు వచ్చేదాకా ఈ తిట్లు ఆగలేదు.

ఇసుక మీద, కాలువ మీద

కావ్యాల బయట వెన్నెలకు వేరే వాడకం ఉంది. కరెంటు రాని రోజుల్లో పున్నమి ముందూ వెనకా నాలుగు రాత్రులు ఊరి పిల్లలకు ఉచితంగా దొరికిన దీపాలు. వెన్నెల కుప్పలు ఆడేవాళ్లు. రెండు జట్లుగా విడిపోయి, ఒకరికి తెలియకుండా ఒకరు గోడల పక్కన, గుంజల మాటున పిడికెడు పిడికెడు ఇసుక కుప్పలు పెడతారు. తర్వాత అవతలి జట్టు వాటిని వెతికి చెరిపేయాలి. దొరకని కుప్పలే గెలుపు లెక్క. ఆడపిల్లలు గుజ్జనగూళ్లు వండుకునేవాళ్లు, ఉత్తుత్తి అన్నం, ఉత్తుత్తి పప్పు, ఉత్తుత్తి కాపురం. కోస్తాలో అట్లతద్ది నాడు తెల్లవారకముందే లేచి తిని, ఉయ్యాలలూగి, సాయంత్రం చంద్రుణ్ణి చూశాకే అట్ల వాయనాలు ఇచ్చుకునేవాళ్లు. మంచి మొగుడు రావాలని ఆ నోము. కావ్యంలో చంద్రుణ్ణి దుమ్మెత్తి పోసిన ఆడవాళ్లే ఇంట్లో ఆయనకు దండం పెట్టారన్నమాట.

మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, తూపిలిపాలెం తీరాల్లో ఇసుకకు కొదవ లేదు. కాని అక్కడి పట్టపుపాలేల్లో, అంటే జాలరుల ఊళ్లలో, వెన్నెల అంత మెప్పు పొందిన సరుకు కాదు. వెలుతురు ఎక్కువైతే వల చేపకు కనబడుతుంది, చీకటి రాత్రులే వేటకు అనువు. పున్నమికీ అమావాస్యకీ పోటు పెరుగుతుంది, పడవ తీసేవాడు ఆ లెక్క చూసుకోవాలి. వేటకు వెళ్లే మనిషికి చంద్రుడు ముందు పంచాంగం, తర్వాతే అందం.

ఈ తీరానికి ఇంకో వెన్నెల దారి ఉంది, బకింగ్‌హాం కాలువ. 19వ శతాబ్దం మొదట్లో మద్రాసు నుంచి ఎన్నూరుకు బేసిల్ కాక్రేన్ తవ్వించిన చిన్న కాలువ అది. తర్వాత పులికాట్ మీదుగా దుగరాజపట్నం, కృష్ణపట్నం వైపు పాకింది. 1876–78 ధాత కరువులో కూలి పనుల కింద మిగతా భాగాలు కలిపి తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు 1878లో దానికి పెట్టారు. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ఉప్పు, బియ్యం, కట్టెలు, మనుషులు, అన్నీ దీని మీదే మద్రాసు చేరేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు, ఒకడు వెనక నుంచి గెడ వేసేవాడు. ఎండలో లాగడంకన్నా రాత్రి లాగడం సుఖం, వెన్నెల ఉంటే గట్టు కనబడుతుంది. పడవా, నీళ్లూ, చంద్రుడూ కలిసిన బొమ్మ ఈ తీరంలో ఊహలోంచి పుట్టనక్కర్లేదు. 19వ శతాబ్దం చివర నెల్లూరు మీదుగా రైలు వచ్చాక కాలువ ప్రయాణాలు తగ్గాయి, తుపాన్లు కట్టలను తిన్నాయి. బొమ్మ మాత్రం సినిమాకు మిగిలింది.

నెల్లూరు కవులు పాత లెక్క మార్చారు

సినిమాకు ముందు పుస్తకాల్లో ఒక కుదుపు వచ్చింది. దువ్వూరి రామిరెడ్డి (1895–1947) నెల్లూరు జిల్లా రైతు. కవికోకిల అని పేరు. సేద్యం చేసుకుంటూనే పార్శీ నేర్చుకుని, ఉమర్ ఖయ్యాం రుబాయీలను ‘పానశాల’గా తెలుగులోకి తెచ్చాడు. ఖయ్యాం పేరుతో వాడుకలో ఉన్న రుబాయీల్లో చంద్రుడి పని వేరు. మనం పోయాక కూడా ఆయన ఇలాగే వచ్చి ఇదే తోటలో మనల్ని వెతుక్కుంటాడు. తిట్టడమూ లేదు, పొగడటమూ లేదు, ఉన్న రాత్రిని ఇద్దరం కలిసి గడుపుదాం అన్న తొందర తప్ప. తెలుగు పాఠకుడికి ఇది కొత్త రుచి.

అదే జిల్లాలోంచి ఇంకొకాయన వచ్చి పాత సామాను అంతా అటక ఎక్కించాడు. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి (1919–2006) 20 ఏళ్ల వయసులో, 1939లో, ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చువేశాడు. చిన్న పుస్తకం, శ్రీశ్రీ ముందుమాట. ఛందస్సునూ, దానితో వచ్చే తామరాకుల పన్నీటినీ వెక్కిరించి, మద్రాసు వీధుల్లో తిరిగే కుర్రాడి ప్రేమను వచనంలో రాశాడు. పండితులకు కోపం వచ్చింది. ఆయనకు కావలసింది అదే. తర్వాత ఆయన సినిమాల్లోకి వెళ్లాడు, 1970లో కన్నడ ‘సంస్కార’ తీసి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు.

మధ్యలో చేసిన ఇంకో పని మన కథకు దగ్గరిది. దర్శకుడు కె.వి.రెడ్డితో కలిసి ఆయన చిత్రనిర్మాణం చేశాడు. వాటిలో 1958 నాటి ‘పెళ్లినాటి ప్రమాణాలు’ ఒకటి. పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల. అందులో ఘంటసాల, పి.లీల పాడిన వెన్నెల యుగళగీతం వినని తెలుగువాళ్లు తక్కువ. చల్లటి వెలుగులో ఈ సెగ ఎక్కడిదని నాయికా నాయకులు ఒకరినొకరు అడుగుతారు. గిరిక అడిగిన ప్రశ్నే ఇది. అయితే అడిగేది ఒంటరి ఆడది కాదు, జంట. జవాబు ఇద్దరికీ తెలుసు. శాపనార్థాల ఘట్టాన్ని పింగళి సరసంగా తిరగేశాడు. ప్రబంధాన్ని వెక్కిరించిన పట్టాభి సొమ్ముతో తీసిన సినిమాలోనే ప్రబంధంలోని పాత ప్రశ్న ఇలా బతికి బయటపడింది.

స్టూడియోలో పున్నమి

దానికి మూడేళ్ల ముందే పింగళి చంద్రుణ్ణి పంచాయితీ పెద్దగా కూర్చోబెట్టాడు. 1955 నాటి ‘మిస్సమ్మ’లో ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలుగా నటిస్తున్న ఇద్దరు, ఎన్.టి.రామారావు, సావిత్రి, ఒకరి మీద ఒకరు చంద్రుడికి ఫిర్యాదు చేసుకుంటారు. సాలూరు రాజేశ్వరరావు బాణీ, ఎ.ఎం.రాజా, పి.లీల గొంతులు. నేరస్థుడుగా ఉన్నవాడికి న్యాయం చెప్పే పని ఇచ్చారు. వీళ్ల దొంగకాపురంలో ఇల్లు గలవాళ్ల దగ్గరా, బయటివాళ్ల దగ్గరా నిజం చెప్పే వీలు లేదు, ఆకాశం ఒక్కటే మిగిలింది. ఇదే సినిమాలో డేవిడ్ అనే వసూళ్ల మనిషి వేషాన రక్తికట్టించిన రమణారెడ్డి నెల్లూరు జిల్లావాడే. నవ్వుల పాత్రలోకి రాకముందు ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేశాడు.

ఇక 1957 మార్చి 27న వచ్చిన ‘మాయాబజార్’. అభిమన్యుడు, శశిరేఖ పడవలో పోతుంటారు. అదే నీటి మీదికి కృష్ణుడు, రుక్మిణి వస్తారు, తర్వాత బలరాముడు, రేవతి. కుర్రవాళ్ల ప్రేమతో మొదలై పెద్దవాళ్ల దాకా పాకే ఈ పాట చూసినవాళ్లు నీళ్ల మీద మెరిసిన ఆ వెన్నెలను మరిచిపోలేదు. అది నిజం వెన్నెల కాదు.

నిజం వెన్నెలలో ఆ రోజుల్లో సినిమా తీయడం కుదిరే పని కూడా కాదు. పున్నమి వెలుగు పగటి ఎండకన్నా సుమారు 4 లక్షల రెట్లు బలహీనం. అప్పటి ఫిల్ముకు అది చీకటితో సమానం. కాబట్టి నలుపు తెలుపు సినిమాల్లో రాత్రిని రెండు రకాలుగా తయారుచేసేవాళ్లు. ఒకటి, పట్టపగలు బయట తీసి, ఎర్ర ఫిల్టరు వేసి ఆకాశాన్ని నల్లబరిచి, కాంతిని తగ్గించి రాత్రి అనిపించడం. రెండు, స్టూడియోలో నీళ్లు నింపి, లైట్లను ఏటవాలుగా పెట్టి, మొహం సగం వెలుగులో సగం నీడలో ఉంచడం. మొదటిదానిలో నీడలు పగటి నీడల్లా గట్టిగా పడి దొంగతనం బయటపడుతుంది. రెండోదానిలో నీళ్లు తొట్టి నీళ్లలా కనిపించే ప్రమాదం ఉంది.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ రెండూ కలిపాడు. ఆరుబయట పది, పదిహేను సెకన్లు తెర మీద నిలిచేంత ముక్క ఎన్నూరు దగ్గర తీశారు. మిగతా పాటంతా స్టూడియో లోపల. ఏ ముక్క ఎక్కడిదో చూసేవాడికి తెలియదు, ఎందుకంటే రెండింట్లోనూ వెలుగు ఒకే దిక్కునుంచి, ఒకే మెత్తదనంతో పడుతుంది. ఎన్నూరు నీళ్లు బకింగ్‌హాం కాలువ నీళ్లే. అక్కడినుంచి పడవ ఉత్తరానికి తిప్పితే పులికాట్, ఆ తర్వాత నెల్లూరు. ఈ పాట బాణీ కట్టింది సాలూరు రాజేశ్వరరావు, ఆయన మధ్యలో తప్పుకుంటే మిగతా సంగీతం పూర్తిచేసింది ఘంటసాల. ఆ సినిమాకు పనిచేసిన సహాయ దర్శకుల్లో ఒకరు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు. బార్ట్‌లీ వెన్నెల సృష్టి గురించి దశాబ్దాల తర్వాత కూడా ఆయన చెబుతూనే వచ్చారు.

సూళ్లూరుపేట కవి, నెల్లూరు గొంతు

పింగళి చంద్రుడు సరసుడు. ఆత్రేయ చంద్రుడు అందనివాడు. ఆచార్య ఆత్రేయగా అందరూ ఎరిగిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు 1921 మే 7న సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టాడు. ‘ఎన్జీవో’, ‘కప్పలు’ లాంటి నాటకాలతో పేరు తెచ్చుకున్నాక 1951లో ‘దీక్ష’తో సినిమా పాటలోకి వచ్చాడు. ‘మూగ మనసులు’ (1964), నెల్లూరులోనే పుట్టిన వాణిశ్రీ నాయికగా ‘ప్రేమ్‌నగర్’ (1971) ఆయన్ను మనసు కవిని చేశాయి. రాసి ప్రేక్షకులనూ, రాయక నిర్మాతలనూ ఏడిపిస్తాడని పరిశ్రమలో ఆయన మీద ఒక చతురు ఉండేది.

ఆత్రేయ మాటల్లో తామరాకులు లేవు, హాలాహలం లేదు. ఇంట్లో మాట్లాడుకునే మాటలే. చంద్రుణ్ణి తెచ్చినా అలంకారానికి తేడు. 1986 నాటి ‘మంచి మనసులు’లో జాబిల్లి పాట ఆయనదే, సంగీతం ఇళయరాజా. ఆ పాటలో ప్రేయసి జాబిల్లి, ఎదురుచూసే మనిషి ఆకాశం. చంద్రుడు ఉన్న రాత్రి గురించి కాకుండా రాని రాత్రి గురించి రాసిన పాట అది. అదే పల్లవిని ఒకసారి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, ఇంకోసారి ఎస్.జానకి పాడారు. ప్రబంధంలో ఆడదానికే పరిమితమైన నిరీక్షణను ఆత్రేయ మగవాడికి కూడా పంచాడు. తిట్టే హక్కు మాత్రం ఇద్దరిలో ఎవరూ వాడుకోరు.

బాలు ఇల్లు నెల్లూరు. తండ్రి ఎస్.పి.సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం సంగీత దర్శకుడు కోదండపాణి దగ్గర మొదటి పాట పాడిన బాలుకు, తమిళనాడు తలుపు తెరిచింది వెన్నెల పాటే. 1969లో ఎం.జి.రామచంద్రన్ సినిమా ‘అడిమై పెణ్’లో పి.సుశీలతో కలిసి పాడిన పాటలో నాయకుడు నాయికను వేయి చందమామలుగా పిలుస్తాడు. రికార్డింగు ముందు బాలు జబ్బుపడితే, వేరేవాళ్లతో పాడించకుండా ఎంజీఆర్ ఆయన కోలుకునేదాకా ఆగారు. కుర్రవాడు ఊళ్లో అందరికీ చెప్పుకుని ఉంటాడు, నిరాశ పడకూడదని ఆగానని అన్నట్టు బాలు సభల్లో పదేపదే గుర్తుచేసుకునేవారు. ఆ బాణీ కె.వి.మహదేవన్‌ది. ఆత్రేయ పాటలు ఎన్నింటికో బాణీలు కట్టింది కూడా ఆయనే. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని బాలు 2020లో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 25న కన్నుమూశారు.

నెల్లూరులోనే పుట్టిన వెన్నెలకంటి రాజేశ్వరప్రసాద్ (1957–2021) బ్యాంకు ఉద్యోగం చేస్తూ పాటల్లోకి వచ్చాడు. సింగీతం తీసిన ‘ఆదిత్య 369’ (1991)కు పాటలు రాసినవాళ్లలో ఆయన ఒకడు. తమిళం నుంచి తెలుగులోకి దిగిన సినిమాలకు లెక్కలేనన్ని పాటలు రాశాడు. పెదాల కదలికకు తెలుగు మాట అతికించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

రాకెట్ల పక్క ఊరు

ఆత్రేయ పుట్టిన మంగళంపాడుకు దగ్గరి పట్నం సూళ్లూరుపేట. శ్రీహరికోటకు వెళ్లాలంటే ఈ ఊరే వాకిలి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న ఆ దీవి నుంచి 1971లో మొదటి చిన్న రాకెట్టు లేచింది. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1, 2019 జూలై 22న చంద్రయాన్-2, 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇక్కడినుంచే బయల్దేరాయి. మూడోది ఆ ఏడాది ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. 2022 నుంచి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో ఉంది గాని, అక్కడివాళ్ల మాట తీరు, బంధుత్వాలు నెల్లూరువే.

చంద్రుడి మీద గుంటలూ రాళ్లూ చూశాక ప్రేమ పాటలో ఆయన పని అయిపోయిందని అనుకున్నవాళ్లు ఉన్నారు. అలా జరగలేదు. తెలుగు సినిమాలో వెన్నెల పాట ఇప్పటికీ ఏటా వస్తూనే ఉంది. కాని ఒక్క తేడా గమనించాలి. గిరిక కాలంలో కవీ, వినేవాడూ ఇద్దరూ వెన్నెలలోనే కూర్చున్నారు. బార్ట్‌లీ కాలంలో కవికి వెన్నెల తెలుసు, కెమెరా దాన్ని తయారుచేసుకుంది. ఇప్పుడు రాసేవాడికీ వినేవాడికీ కూడా వీధి దీపాల వెలుగే ఎక్కువ పరిచయం. పాటలో మాట నిలిచింది, మాట వెనక ఉన్న రాత్రి పలచబడింది.

సినిమా పాటలకు భయం లేదు. రికార్డులు ఉన్నాయి, రాసినవాళ్ల పేర్లు ఉన్నాయి, పాడేవాళ్లు ఉన్నారు. పేరు లేనివి పోతున్నాయి. వెన్నెల కుప్పల ఆటలో పిల్లలు పాడుకున్నవి, అట్లతద్ది ఉయ్యాల పాటలు, కాలువ గట్టు మీద తాడు లాగుతూ పాడుకున్నవి ముసలివాళ్ల నోళ్లలో తప్ప ఇంకెక్కడా మిగలడం లేదు. గూడూరు, కోట, వాకాడు, ముత్తుకూరు, అల్లూరు, గుడ్లూరు వైపు మీ అవ్వో తాతో అలాంటి పాట ఒక్కటి ఎరిగినా, పాడించి ఫోనులో రికార్డు చేయండి. పాడినవాళ్ల వయసు, ఊరు, ఎప్పుడు పాడేవాళ్లో కూడా రాసిపెట్టి, ఒక ప్రతి మీ దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి.